ట్యూబు దొరకని బతుకమ్మ

రెండువేల పదకొండులో సకల జనుల సమ్మె మొదలయ్యేనాటికి నా మందుల షాపు బోర్డు మీద అక్షరాలు సగం వెలిసిపోయి ఉన్నాయి. మళ్ళీ రాయించాలని నేనేమీ తొందరపడలేదు. బోర్డు చేయాల్సిన పని మూడేళ్ళుగా మా ఆవిడ మొహం చేస్తోంది.

నాచారం చౌరస్తా దాటి మల్లాపూర్ వైపు వెళ్తుంటే ఎడంచేతి పక్క మా షాపు. ముందు షాపు, వెనక రెండు గదుల ఇల్లు. సాయంత్రం ఫ్యాక్టరీల షిఫ్టు దిగే వేళకు జనం ఎక్కువవుతారు గనుక మా ఆవిడ పద్మశ్రీ వచ్చి నా పక్కన కౌంటర్లో నిలబడేది. బిస్కెట్లు ప్యాకింగు చేసే ఆడవాళ్ళు, కాలనీలో ఉండే టీచరమ్మలు తలనొప్పి గోలీకని వచ్చేవాళ్ళు. గోలీ తీసుకున్నాక కూడా కదిలేవాళ్ళు కాదు. కాసేపు పద్మ చెంపల వంక చూసి, గొంతు తగ్గించి, "వదినా, మొఖానికి ఏం పెడ్తున్నవ్?" అని అడిగేవాళ్ళు. పద్మ నవ్వి నా వైపు చూసేది. నేను వెనక అరలోంచి తెల్ల ట్యూబు తీసి కౌంటర్ మీద పెట్టేవాణ్ణి. ఒక్క మాట మాట్లాడే అవసరం ఉండేది కాదు. నాకు గర్వంగా ఉండేది, అది దాచుకోవడం ఎందుకు.

అంతకుముందు ఆ మొహం అలా లేదు. పాప పుట్టిన ఏడాదే పద్మ రెండు చెంపల మీదా, ముక్కు మీదా మంగు దిగింది. ఛాయ్ ఒలికిన గుడ్డ ఉతికినా మరక మిగిలినట్టు గోధుమరంగు మచ్చలు. మా అమ్మ కౌసల్యమ్మ జాజికాయ తెప్పించి, పాలు పోసి సాన మీద అరగదీసి, ఆరు నెలలు విడవకుండా పట్టించింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, అత్త వైద్యమూ కోడలికి పనికిరాలేదు. మా బస్తీలో బతుకమ్మ పాట ఎత్తేది పద్మే, గొంతు అలాంటిది. ఆ ఏడు మాత్రం గేటు పట్టుకుని నిలబడి చూసింది. ఎందుకు పోలేదని అడిగితే, "అందరు నా మొఖం దిక్కే సూస్తున్నరు. పాట ఎవరికి ఇనవడ్తది?" అంది. మర్నాడే నేను ట్యూబు తెచ్చి చేతిలో పెట్టాను.

నేను డి.ఫార్మసీ చదివినవాణ్ణి. ఆ ట్యూబులో మూడు మందులు కలిపి ఉంటాయి. ఒకటి మచ్చ రంగు తగ్గించేది, ఒకటి చర్మం పైపొర ఊడగొట్టేది, మూడోది స్టెరాయిడ్. డాక్టరు రాసిన చీటీ ఉంటేనే ఇవ్వాలి. డాక్టరు చూస్తూ ఉండగా, ఏ ఆరు వారాలో ఎనిమిది వారాలో వాడి ఆపేయాలి. ఎక్కువ కాలం పూస్తే చర్మం పలచబడుతుంది, ఆ మందు లేకుండా ఉండలేని స్థితికి వస్తుంది, హఠాత్తుగా ఆపితే తిరగబడుతుంది. ఇదంతా నాకు తెలుసు. నాచారం నుంచి ఉప్పల్ రింగురోడ్డు దాకా కౌంటర్ వెనక నిలబడే ప్రతివాడికీ తెలుసు. చీటీ అడిగితే పక్క షాపుకు పోతారు, పక్కవాడు అడగడు. అందుకని నేనూ అడగలేదు.

పద్మ మొహం నెల తిరిగేసరికి తేటపడింది. మూడు నెలలకు అందరూ ఆగి చూసేటంత తెల్లబడింది. అప్పుడు ఆపమని చెబుదామనుకున్నాను. ఆమె అద్దం ముందు నిలబడి కూనిరాగం తీస్తుంటే, ఇంకో నెల పోనీలే అనుకున్నాను. నెలలు అలాగే పోయాయి. ఆ తర్వాతి రెండు బతుకమ్మలకూ పాట తనే ఎత్తింది.

సమ్మె సెప్టెంబరు పదమూడున మొదలైంది. బళ్ళు మూతబడ్డాయి, బస్సులు డిపోల్లో నిలబడ్డాయి, కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడొస్తుందో తెలియకుండా పోయింది. మందుల షాపులకు సమ్మె లేదు గానీ సరుకు రావాలి కదా. మాకు సరుకు వేసే డిస్ట్రిబ్యూటరు దగ్గర రాఘవేంద్ర అని ఒకతను ఉండేవాడు. అతను ఫోను చేశాడు.

"మహిపాల్ భాయ్, బీపీ గోలీలు, షుగర్ గోలీలు ఎట్లనో పంపిస్త. క్రీములు గిట్ల మాత్రం అడగకు. లారీలు వస్తలేవు."

"ఎన్ని రోజులు?"

"అది నన్నడిగితే ఎట్ల? సమ్మె నేను జేయిస్తున్ననా?"

వారం తిరిగేసరికి అరలో రెండు ట్యూబులు మిగిలాయి. చిన్న ట్యూబులు, రోజూ రాస్తే వారానికి మించి రావు. రెండూ ఒకే సాయంత్రం పోయాయి. ఒకటి ఉప్పలమ్మ పట్టుకుపోయింది. ఆలేరు పక్క నుంచి వచ్చి బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగు చేస్తుంది, మాటకారి. ఆ ట్యూబుకు 'మహిపాలన్న మలాం' అని పేరు పెట్టి ఫ్యాక్టరీలో సగం మందికి అంటించింది ఆమే. రెండోది రాజశ్రీ గారు తీసుకున్నారు. ఆవిడది గుడివాడ, ఇక్కడ ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతారు. ఆ రోజుల్లో కృష్ణా జిల్లా వాళ్ళు మా వీధిలో కాస్త మెల్లగా మాట్లాడేవాళ్ళు. రాజశ్రీ గారు మాత్రం ఎప్పటిలాగే గట్టిగా మాట్లాడేవారు.

"ఇదే ఆఖరుదా మహిపాల్ గారూ? మరి మీ ఆవిడకో?" అన్నారు.

"వస్తది మేడం, రేపో ఎల్లుండో."

పద్మ కూడా నవ్వి, "నాదేమున్నది మేడం, షాపు మాదే గద," అంది.

రేపు రాలేదు, ఎల్లుండీ రాలేదు. మూడేళ్ళలో మొదటిసారి ఆమె మొహానికి ఏమీ రాసుకోకుండా పడుకుంది. నాలుగో రోజు చెంపలు దురద పెట్టాయి. వారానికల్లా మొహమంతా ఎర్రగా ఉబ్బి, సన్నటి గుల్లలు లేచి, నీళ్ళు తగిలినా మంటెత్తిపోయే పరిస్థితి వచ్చింది. బుగ్గల మీద ఎర్రటి నరాలు సన్న దారాల్లా బయటపడ్డాయి. వాటి మధ్య పాత మచ్చలు పాతచోటికే, మరింత నల్లగా తిరిగొచ్చాయి.

"పొయ్యి కాడ నిలవడరాకుండ అయింది," అంది పద్మ. "లోపల మంట వెట్టినట్టున్నది."

మా అమ్మ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసింది. "దిష్టి. ఊకె గ కౌంటర్ల నిలవెడ్తివి. ఒక్కళ్ళ కండ్లా, ఇద్దరి కండ్లా?" అని నన్నే తిట్టింది. అమ్మ తిట్టింది వేరే కారణానికే అయినా, తిట్టాల్సినవాణ్ణే తిట్టింది.

ఇంకో నాలుగు రోజులకు ఉప్పలమ్మ వచ్చింది. కొంగు ముక్కు దాకా కప్పుకుని ఉంది. "అన్నా, వంటావార్పుల కూసున్న. రింగురోడ్డు మీద పొద్దంతా ఎండల. గా ఎండ, గా పొగ, మొఖం జూడు ఎట్లయిందో. మలాం రాలేదా?" అని కొంగు తీసింది. మా పద్మ మొహమే. ఆమె వెనకాల మరో ఇద్దరు ఫ్యాక్టరీ ఆడవాళ్ళు, వాళ్ళవీ అవే మొహాలు. సాయంత్రం రాజశ్రీ గారు గొడుగు వేసుకుని వచ్చారు. "టెన్షనండీ. రోజూ టీవీ చూడ్డం, ఏమవుతుందో అని నిద్ర పట్టకపోవడం. ఒంట్లో వేడి చేసి మొహం మీదకొచ్చింది," అన్నారు.

ఒకరికి దిష్టి, ఒకరికి ఎండ, ఒకరికి టెన్షను. సమ్మె వాళ్ళూ సమ్మె అంటే భయపడేవాళ్ళూ ఒకే మొహంతో నా కౌంటర్ ముందు నిలబడ్డారు. అసలు కారణం నా నోట్లోనే ఉంది. నేను అందరికీ తలా ఒక కాలమైన్ సీసా ఇచ్చి, ఎండలో తిరగొద్దని చెప్పి పంపించాను.

ఇంట్లో మాత్రం ఆ పప్పులు ఉడకలేదు. నా షాపులో ఎనిమిది అరల నిండా మందులున్నాయి. పద్మ వచ్చి, "ఏమన్న ఇయ్యరాదా," అని చెయ్యి చాస్తే, పెట్టడానికి ఒక్కటీ చేతికి రాలేదు. పదేళ్ళలో నేను జనాన్ని డాక్టరు దగ్గరికి పొమ్మన్నది తక్కువ. ఆ రోజు నేనే, "పద, డాక్టరుకు చూపిద్దాం," అన్నాను.

పద్మ ఆశ్చర్యంగా చూసింది. "నీతోని కాదా?"

"కాదు," అన్నాను.

ఉప్పల్ లో చర్మం డాక్టరు అరుణకుమారి గారు కూర్చుంటారని విన్నాను. బండి మీద వెళ్ళాం. పద్మ మొహానికి చున్నీ చుట్టుకుని వెనక కూర్చుంది. రింగురోడ్డు దగ్గర మళ్ళీ సమ్మెవాళ్ళ వంటావార్పు. రోడ్డు మధ్యలో గాడిపొయ్యిలు, గుండిగలు, పొగ. బండి దిగి గల్లీల్లోంచి తోసుకుంటూ వెళ్ళాల్సి వచ్చింది.

డాక్టరమ్మ పద్మను కిటికీ దగ్గర వెలుతురులో కూర్చోబెట్టి, భూతద్దం పట్టుకుని చాలాసేపు చూసింది. వేలితో బుగ్గ మీద మెల్లగా నొక్కింది.

"ఏం క్రీము రాస్తున్నావమ్మా?"

పద్మ వెంట తెచ్చుకున్న పాత ట్యూబు డొక్క తీసి ఇచ్చింది. డాక్టరమ్మ దాన్ని చూడకుండానే బల్ల మీద పెట్టింది. చూడక్కర్లేదన్నట్టు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మూడేండ్లయితది మేడం."

"రోజూనా?"

"దినాం."

"ఎవరిచ్చారమ్మా ఇది నీకు?"

నేను దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను. నేనే ఇచ్చానని చెప్పొచ్చు. డి.ఫార్మసీ అని కూడా చెప్పొచ్చు. పద్మ నావైపు చూడలేదు. తన చేతి గాజులు చూసుకుంటూ చెప్పింది.

"మెడికల్ షాపోళ్ళు ఇచ్చిన్రు మేడం."

డాక్టరమ్మ నిట్టూర్చింది. కోపంగా కూడా కాదు, రోజూ చెప్పే మాట మళ్ళీ చెబుతున్నట్టు చెప్పింది. "ఈ పది రోజుల్లో నువ్వు పదిహేడోదానివి. అందరివీ ఇవే మొహాలు. క్రీము దొరకలేదు, మొహాలు బయటపడ్డాయి. ఆ షాపువాళ్ళకు తెలిసే ఇస్తారమ్మా. తెలియక కాదు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే కథ నాకు తెలుసు. అందుకని కదలకుండా కూర్చున్నాను.

తర్వాత ఆమె మంగు గురించి చెప్పింది. అది మురికి కాదు, అంటురోగం కాదు, పాపం అంతకన్నా కాదు. లోపల హార్మోన్లు, బయట ఎండ, వంటింటి సెగ, కొంత వంశం, ఇవన్నీ కలిసి చర్మంలో రంగు ఎక్కువ పోగవుతుంది. కాన్పుల తర్వాత చాలామందికి వస్తుంది. తగ్గుతుంది, మళ్ళీ ఎండలో తిరిగితే వస్తుంది. "దాన్ని పూర్తిగా పోగొట్టేస్తానని ఎవరైనా చెబితే నమ్మకు," అంది. "ఇప్పుడు నీ సమస్య మంగు కాదు. ముందు ఈ కాలిన చర్మం మానాలి. నాలుగు నెలలు పడుతుంది, ఆరైనా పట్టొచ్చు. సబ్బు వద్దు, ఆవిరి వద్దు, పార్లరు వద్దు, జాజికాయ కూడా వద్దు. ఈ తడి క్రీము, ఎండ తగలకుండా ఈ లోషను, గొడుగు. ఈ బిళ్ళలు పది రోజులు. మంట భరించలేక మళ్ళీ ఆ ట్యూబు రాశావంటే మాత్రం మొదటికొస్తుంది."

"మళ్ళ పాత మచ్చలు వస్తయా మేడం?"

"వస్తాయమ్మా. వస్తే అప్పుడు వాటికి వైద్యం చేద్దాం, నెమ్మదిగా. మచ్చలతో ఎవరూ చచ్చిపోరు."

తిరిగి వస్తుంటే వంటావార్పు దగ్గర ఎవరో తెలిసినాయన ఆపి, తినకుండా పోవద్దని రెండు ఇస్తరాకుల్లో అన్నం, పప్పుచారు పోయించి ఇచ్చాడు. మూసేసిన దుకాణం మెట్ల మీద నీడలో కూర్చున్నాం. పద్మ చున్నీ కిందికి లాగి ఒక్కో ముద్దా మెల్లగా పెట్టుకుంది. నోరు తెరిస్తే చెంప లాగుతోంది.

"డాక్టరమ్మ అట్లనే అంటది," అంది కొంతసేపయ్యాక. "షాపోళ్ళకు ఎర్కే అని. నీకెట్ల ఎర్కుంటది? కంపెనోడు జెప్తే గద ఎర్కయ్యేది."

నేను అన్నం కలుపుతున్నాను.

"నీ పేరెందుకు జెప్పాలె అనుకున్న. నలుగుట్ల నీకు నామోషి. నువ్వు నా మంచికే ఇస్తివి."

అప్పుడు చెప్పాలి. అంతకన్నా మంచి సమయం నాకు మళ్ళీ దొరకదని తెలుస్తూనే ఉంది. మైకులో ఎవరో నినాదాలు ఇస్తున్నారు. ఆ గోలలో చెప్పేది కాదులే అనుకున్నాను. మనిషి చెప్పకూడదనుకుంటే మైకు కూడా సాకే.

"గాళ్ళందరికి జెప్పు జర," అంది పద్మ ఆకు మడుస్తూ. "ఉప్పలమ్మక్కకు, టీచరమ్మకు. మళ్ళ పెట్టకున్రి అని."

"ఇప్పుడు స్టాకే లేదు గద. ఎవరూ పెడ్తలేరు. సమ్మె అయినంక చెప్త."

"మర్సిపోకు," అంది.

సద్దుల బతుకమ్మ నాటికి ఆమె మొహం పొట్టు లేస్తోంది. మా అమ్మ తంగేడు, గునుగు, బంతిపూలు తెప్పించి, ఎవరి కోసమో మరి, నడుమెత్తు బతుకమ్మ పేర్చింది. ఉప్పలమ్మ వచ్చి బతిమాలింది. "రా పద్మా, అందరి మొఖాలు అట్లనే ఉన్నయి. ఎవరిని ఎవరు జూస్తరు? పాట ఎత్తెటోళ్ళు లేరు." పద్మ రానంది. ఆ ఏడు మా వీధిలో సగంమంది కొంగులు ముక్కుల దాకా లాక్కుని ఆడారు. పాట ఎవరో ఎత్తారు, రెండో చరణంలో తప్పారు, ఇంకెవరో అందుకున్నారు. పద్మ షాపు షట్టరు సగం దించి లోపల స్టూలు మీద కూర్చుని వింటోంది. తప్పిన చోటల్లా ఆమె పెదవులు సరైన మాట అనడం చూశాను. బయటికి మాత్రం రాలేదు. ఆమె పక్కన నిలబడి నేను మందుల పెట్టెలు సర్దాను. అంతకుముందే సర్ది ఉన్న పెట్టెలే. నా మీద నాకు అసహ్యం వేసింది.

సమ్మె నలభై రెండో రోజున ఆగింది. దీపావళికి ఇంకా రెండు రోజులుంది. పొద్దున్నే రాఘవేంద్ర సరుకు దింపించాడు. అందులో ఒక పెట్టె నిండా తెల్ల ట్యూబులు. నేను ఆర్డరు ఇవ్వలేదు, వద్దనీ చెప్పలేదు. దాన్ని విప్పకుండా కౌంటర్ కింద పెట్టాను. ఏం చేయాలో నిర్ణయించుకోలేదు గనుక అక్కడ పెట్టాను.

వాసన పట్టినట్టు సాయంత్రానికి వచ్చేశారు. ఉప్పలమ్మ, ఆమెతో నలుగురు. వెనక రాజశ్రీ గారు.

"వచ్చిందట గద అన్నా," అంది ఉప్పలమ్మ. "ఒక్కటియ్యి. దీపావళికి చుట్టాలొస్తున్నరు. ఈ మొఖమేసుకోని ఎట్ల తిరగాలె?"

నేను నోరు తెరిచే లోపు లోపలి నుంచి పద్మ వచ్చింది. ఆ నెల రోజుల్లో ఆమె షాపులోకి జనం ఉండగా రావడం అదే మొదలు. మొహానికి చున్నీ లేదు, కొంగు లేదు. సరాసరి ట్యూబులైటు కింద నిలబడింది. ఎర్రటి నరాలు, పొట్టు రేగిన చెంపలు, గడ్డం పక్కన ఆ మందుకే మొలిచిన సన్నటి వెంట్రుకలు, మధ్యలో నల్లటి మంగు, అన్నీ ఆ వెలుతురులో కనిపించాయి.

"సూడున్రి," అంది. "మంచిగ సూడున్రి. మొదలు ఈ మొఖం జూసే గద కొనుక్కపోయిన్రు. మలాం బంద్ జేసినందుకు గిట్ల కాలే. మూడేండ్లు పెట్టినందుకు గిట్లయింది. డాక్టరమ్మ జెప్పింది." డాక్టరమ్మ చెప్పిందంతా ఒక్కటీ వదలకుండా చెప్పింది. ఎండ కాదని, టెన్షను కాదని, దిష్టి కాదని.

ఉప్పలమ్మ మెల్లగా, "పోనీ పండుగ దాటినంక బంద్ జేస్త. ఒక్కటియ్యన్నా," అంది.

"ఇయ్యడు," అంది పద్మ. "మాకు గూడ ఎర్కలేకుండె అక్కా. కంపెనోళ్ళు మోసం జేసిన్రు."

రాజశ్రీ గారు అప్పటిదాకా చేతులు కట్టుకుని వింటున్నారు. లెక్కల టీచరు కదా, లెక్క కుదరకపోతే వదలరు. "మీరు ఫార్మసీ చదివారు కదా మహిపాల్ గారూ. మీకు తెలియకుండా ఎలా ఉంటుంది?"

నాకన్నా ముందు పద్మే జవాబు చెప్పింది. కోపంగా కూడా చెప్పింది.

"ఏం మాట మేడం అది? ఎర్కుంటే ఇంట్ల పెండ్లానికి ఇస్తడా?"

రాజశ్రీ గారు తగ్గారు. ఉప్పలమ్మ తలాడించింది. "నిజమే. ఎర్కుంటే పద్మకెందుకిస్తడు," అంది వెనక ఎవరో. అందరూ నావైపు జాలిగా చూశారు, నేనూ వాళ్ళలాగే మోసపోయినవాణ్ణని. ఇక నేను ఊరుకుంటే చాలు. ఈ వీధిలో నన్ను ఇంకెవరూ ఏమీ అడగరు. మూడేళ్ళు ఆమె మొహం చూపించి సరుకు అమ్ముకున్నాను. ఇప్పుడు అదే మొహాన్ని అడ్డం పెట్టి నన్ను కాపాడుతోంది. ఆ మొహంలో అంతకన్నా తీసుకోవడానికి ఏమీ మిగల్లేదనిపించింది.

"ఎర్కే," అన్నాను.

పద్మ నావైపు తిరిగింది.

"ఎర్కుండే ఇచ్చిన. చీటీ లేకుంటే ఇయ్యొద్దని ఎర్కే. రెండు నెలల కంటె ఎక్కువ పెట్టొద్దని ఎర్కే. అందరికీ అట్లనే ఇచ్చిన."

పక్క దుకాణంలో పటాకుల బేరం గట్టిగా సాగుతోంది. ఉప్పలమ్మ చెంప మీద చెయ్యి వేసుకుంది. ఆమె నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"నాకిచ్చిన నాడు గూడ ఎర్కేనా?" అని అడిగింది పద్మ. గొంతు పెంచలేదు.

"ఎర్కే."

ఆమె కాసేపు నన్ను చూసింది. డాక్టరమ్మ గదిలో గాజులు చూసుకున్న కళ్ళు కావవి. తర్వాత ఉప్పలమ్మ వైపు తిరిగి, "సబ్బు పెట్టకక్కా. సల్ల నీళ్ళతోని కడుగు. రేపు నా వెంబడి రా, డాక్టరమ్మ తాన్కి పోదాం," అంది. మిగతా వాళ్ళకూ అదే చెప్పింది. రాజశ్రీ గారికి క్లినిక్ గుర్తులు కాగితం మీద రాసిచ్చింది. అందరూ వెళ్ళాక లోపలికి వెళ్ళి పాపకు అన్నం పెట్టింది. నాకూ పెట్టింది.

మర్నాడు పెట్టెను రాఘవేంద్రకు తిప్పి పంపాను. "పిచ్చి లేసిందా భాయ్? పండుగ సీజన్ ల గిదే గద నడిచేది," అన్నాడు. ఆ సీజనుకు అది పక్క షాపుల్లో నడిచింది. నా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళు సగానికి సగం తగ్గారు. వాళ్ళలో కొందరు నామీద కోపంతో రాలేదు, ఎక్కువమంది ట్యూబు దొరకదని రాలేదు.

చర్మం మానడానికి ఏడు నెలలు పట్టింది. ఎరుపు పోయింది, మంట పోయింది, నరాలు కొన్ని అలాగే ఉండిపోయాయి. మంగు తిరిగొచ్చింది. డాక్టరమ్మ చీటీ రాసి, నెలనెలా చూస్తూ కొంత తగ్గించింది, అంతకన్నా తగ్గదని చెప్పింది. మరుసటి ఏడు బతుకమ్మకు పద్మ ఆ మొహంతోనే వెళ్ళి పాట ఎత్తింది. ఎవరు మొహం చూశారో, ఎవరు పాట విన్నారో నేను అడగలేదు. ఆ తర్వాత రాష్ట్రం కూడా వచ్చింది.

పద్మ నన్ను ఒక్క మాట అనలేదు. మా అమ్మ పోట్లాట పెట్టాలని చూసినా పెట్టుకోలేదు. వండుతుంది, నవ్వుతుంది, సాయంత్రం కౌంటర్లో నిలబడుతుంది. చీటీ లేకుండా వచ్చినవాళ్ళను నాకన్నా ముందు తనే తిప్పి పంపుతుంది. చూసేవాళ్ళకు మా సంసారానికేం తక్కువ లేదు.

పోయిన నెల ఆమెకు జ్వరం వచ్చింది. మధ్యాహ్నం మంచం దగ్గరికి వెళ్ళి ఉత్త జ్వరం గోలీ ఒకటి, పిల్లలక్కూడా ఇచ్చేది, పట్టీలోంచి తుంచి ఇచ్చాను. పద్మ గోలీ పక్కన పెట్టింది. పట్టీ అడిగి తీసుకుంది. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, ఒళ్ళు కాలిపోతుండగా, పేరు చదివింది, తేదీ చదివింది, వెనక సన్నటి అక్షరాల మీద వేలు పెట్టి చివరిదాకా చదువుతూ నిలబడింది. నేను నీళ్ళ గ్లాసు పట్టుకుని, ఆమె చదవడం అయ్యేదాకా ఆగాను.